లైను వదలకు బిడ్డా!

బిడ్డా, పోలింగ్ రోజు పొద్దున టీవీ పెడితే ఏడున్నరకల్లా ఒక మాట వినిపిస్తుంది: ‘మొరాయించిన ఈవీఎంలు’. ఫలానా ఊళ్లో గంట ఆలస్యమట, ఫలానా బూత్‌లో పేర్లు గల్లంతట, ఫలానా చోట ఓటర్ల ఆందోళనట. అది వింటూ చెప్పులేసుకునే మనిషికి గుమ్మం దాటకముందే సగం హుషారు చచ్చిపోతుంది. ‘ఇప్పుడెందుకు పోవుడు, జర ఆగి చూద్దాంలే’ అనుకుంటాడు. ఆ ‘చూద్దాంలే’ సాయంత్రం దాకా సాగి, చివరికి ఓటే లేకుండా పోతుంది. నీకిది మొదటి ఓటు. అందుకే ఈ మొరాయింపుల వెనక ఉన్న సైన్సు ముందే చెప్పిపెడుతున్నాను. ఏదైనా ఎందుకు ఆగిందో, ఆగితే ఏం చేస్తారో తెలిసిన మనిషికి పరేషాన్ సగం తగ్గుతుంది.

ముందు లెక్క చూద్దాం. 2023 నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికలు జరిగినప్పుడు మన తెలంగాణలో 35,655 పోలింగ్ కేంద్రాలున్నాయి. లెక్క కోసం నూటికి ఒక కేంద్రంలో ఏదో ఒక తంటా వచ్చిందనుకో. అంటే 350కి పైగా చోట్ల గడబిడ. అందులో ఇరవై చోట్లకు కెమెరాలు పోతే చాలు, పొద్దంతా టీవీలో అవే కనిపిస్తాయి. మిగతా ముప్పై అయిదు వేల పైచిలుకు కేంద్రాల్లో జనం వచ్చి, ఓటేసి, ఇంటికి పోయి టీ తాగుతుంటారు. అది వార్త కాదు గనుక ఎవరూ చూపించరు. చూపించినవాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ చూసిన మనం ‘అంతటా ఇట్లనే ఉంది’ అనుకుంటే అది మన లెక్క తప్పడమే. 2024 లోక్‌సభ ఎన్నికలకు దేశం మొత్తం మీద పదిన్నర లక్షల కేంద్రాలు, 55 లక్షల ఈవీఎంలు, కోటిన్నర మంది సిబ్బంది. ఇన్ని యంత్రాల్లో కొన్ని ఆగుతాయి. ఆగుతాయని తెలిసే ఏర్పాట్లన్నీ చేస్తారు.

ఇప్పుడు యంత్రం సంగతి. ఈవీఎంలు తయారుచేసేవి దేశంలో రెండే సంస్థలు, రెండూ ప్రభుత్వానివే. ఒకటి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, రెండోది మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. శాస్త్రవేత్త ఎ.ఎస్.రావు, అదే అయ్యగారి సాంబశివరావు, పూనుకుని 1967 ఏప్రిల్ 11న ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. ఏ.ఎస్.రావు నగర్‌కు ఆ పేరు ఆయనదే. ఎన్నికల సంఘం 1977లో అడిగితే, 1979కల్లా ఈసీఐఎల్ నమూనా యంత్రం చేసిచ్చింది. 1982 మేలో కేరళలోని పరవూర్ నియోజకవర్గంలో 50 కేంద్రాల్లో దాన్ని మొదటిసారి వాడారు. యంత్రంతో ఓటేయడానికి చట్టంలో చోటు లేదని సుప్రీంకోర్టు 1984లో చెబితే, చట్టాన్ని సవరించుకుని మళ్లీ మొదలుపెట్టారు. 2004 నాటికి దేశంలోని అన్ని లోక్‌సభ స్థానాలకూ ఈవీఎంలు వచ్చేశాయి.

నువ్వు లోపలికి వెళ్లాక మూడు పెట్టెలుంటాయి. పోలింగ్ అధికారి ముందుండేది కంట్రోల్ యూనిట్. ఓట్లు గుర్తుపెట్టుకునేది అదే. అట్ట మరుగున నువ్వు బటన్ నొక్కేది బ్యాలెట్ యూనిట్. దాని పక్కన చీటీ చూపించేది వీవీప్యాట్. ఇవి కరెంటు మీద నడవవు, బ్యాటరీ మీద నడుస్తాయి. అందుకే కరెంటు పోతే ఓట్లు పోతాయన్న భయం అక్కర్లేదు. ఫ్యాను ఆగుతుంది, చెమట పడుతుంది, అంతే.

ఈ మూడింట్లో ఎక్కువ పేచీ పెట్టేది ఏది? వీవీప్యాట్. ఎందుకంటే అది ప్రింటరు. మిగతా రెండింట్లో కదిలే భాగాలు పెద్దగా లేవు, లోపల పరుగెత్తేది విద్యుత్తే. ప్రింటర్లో కాగితం చుట్ట తిరగాలి, ముద్ర పడాలి, చీటీ నీకు ఏడు సెకన్లు కనిపించాలి, తర్వాత తెగి కింది పెట్టెలో పడాలి. ఇవన్నీ సరిగా జరిగాయా లేదా అని సెన్సర్లు కాపలా కాస్తుంటాయి. ఇందులో ఇంకు ఉండదు. కాగితం మీద పూసిన రసాయనం వేడి తగిలితే నల్లబడుతుంది, పేరూ గుర్తూ అట్లా పడతాయి. బస్సు టికెట్టు మెషిన్లో వచ్చే కాగితం కూడా ఈ జాతిదే.

2018 మేలో ఉత్తరప్రదేశ్‌లోని కైరానా, మహారాష్ట్రలోని భండారా-గోందియా ఉప ఎన్నికల్లో వీవీప్యాట్లు చాలాచోట్ల ఆగిపోయాయి. దేశమంతా గగ్గోలు. తీరా పరిశీలిస్తే తేలిన కారణాలు వెలుగు, తేమ. సెన్సర్ల మీద వెలుగు నేరుగా పడి అవి తికమకపడ్డాయి. కాగితం చుట్ట గాలిలోని తేమ పీల్చుకుని సరిగా కదల్లేదు. ఆ తర్వాత సెన్సరు మీద వెలుగు పడకుండా చిన్న గొడుగులాంటి కప్పు పెట్టారు, తేమ పీల్చని కాగితం తెచ్చారు. యంత్రాన్ని కిటికీ ఎదురుగానో, బల్బు కిందనో పెట్టొద్దని సిబ్బందికి చెప్పడం వెనక ఉన్నది ఈ అనుభవమే.

ఇది మన దగ్గరే జరిగే వింత కాదు. 2022 నవంబర్‌లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, మారికోపా కౌంటీలో పదుల కొద్దీ పోలింగ్ కేంద్రాల్లో బ్యాలెట్లు లేతగా ముద్రపడ్డాయి, లెక్కించే యంత్రాలు వాటిని చదవలేకపోయాయి. మధ్యాహ్నానికల్లా కుట్ర అన్న మాట దేశమంతా పాకింది. రాష్ట్ర సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి రూత్ మెక్‌గ్రెగర్ విచారణ జరిపి 2023 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చారు. ఆ ఏడాది కాగితం మందం, బ్యాలెట్ పొడవు రెండూ ఎక్కువై, ఆ ప్రింటర్లు అంత భారం మోయలేకపోయాయని తేలింది. అక్కడా ఇక్కడా దోషుల్లో కాగితం ఉంది బిడ్డా. దాన్ని పట్టుకోవడానికి అరుపులు పనికిరాలేదు, ఓపికగా చేసిన పరీక్షలు పనికొచ్చాయి.

ఆగితే ఏం చేయాలన్నది ముందే రాసిపెట్టి ఉంది. పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందు, అంటే నువ్వింకా నిద్రలో ఉండగానే, పార్టీల ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ పెడతారు. కనీసం 50 ఓట్లు వేసి, ఎవరికి ఎన్ని పడ్డాయో వీవీప్యాట్ చీటీలతో సరిచూస్తారు. తర్వాత ఆ ఓట్లన్నీ చెరిపేసి, చీటీలు తీసేసి, సీలు వేసి, ఏజెంట్ల సంతకాలు తీసుకుంటారు. చెడిపోయేవాటిలో చాలా భాగం ఈ దశలోనే బయటపడతాయి.

పోలింగ్ మధ్యలో వీవీప్యాట్ ఒక్కటే ఆగితే దాన్ని మాత్రం మారుస్తారు. కంట్రోల్ యూనిట్టో బ్యాలెట్ యూనిట్టో ఆగితే మూడూ కలిపి కొత్త సెట్టు పెడతారు. కొత్త సెట్టులో ‘నోటా’తో సహా ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఓటు వేసి పరీక్షించి, చెరిపి, సీలు వేశాకే మళ్లీ జనాన్ని పిలుస్తారు. బయట నిలబడ్డవాళ్లకు ‘ఇంత సేపా?’ అనిపిస్తుంది. ఆ సేపు పట్టేది మన ఓటు జాగ్రత్త కోసమే. అప్పటిదాకా పడ్డ ఓట్లు ఏమయ్యాయంటావా? పాత కంట్రోల్ యూనిట్‌లో భద్రంగా ఉంటాయి. దానికి సీలు వేసి పంపుతారు, లెక్కింపు రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. అదనపు యంత్రాలు సెక్టార్ అధికారుల దగ్గర తయారుగా ఉంటాయి.

శంషాబాద్‌లో మన ఇంటి మీదుగా దిగే విమానాలు రోజూ చూస్తావు గదా. ఒక్కోసారి దిగుతున్నట్టే వచ్చిన విమానం రన్‌వే దాకా వచ్చి, ఒక్కసారిగా ఇంజిన్లు హోరెత్తించి మళ్లీ పైకి లేస్తుంది. ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయకపోయినా, గాలి అదాటున మారినా పైలట్ అట్లా చేస్తాడు. దాన్ని ‘గో అరౌండ్’ అంటారు. లోపల కూర్చున్నవాళ్లకు గుండె జారుతుంది గానీ, పైలట్ చేసేది శిక్షణలో నేర్చుకున్న పనే. ఓ చుట్టు తిరిగి వచ్చి నిదానంగా దిగుతాడు. ఈవీఎం మార్చడం కూడా అట్లాంటిదే. సిబ్బంది చేతులెత్తేశారని అనుకోవద్దు, రాసిపెట్టిన పద్ధతి ప్రకారం ఇంకో చుట్టు తిరుగుతున్నారని అనుకో.

ఎంత పెద్ద పరీక్ష వచ్చినా పద్ధతి గట్టెక్కిస్తుందనడానికి నిజామాబాద్ సాక్ష్యం. 2019 ఏప్రిల్ 11న అక్కడి లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు, ఎక్కువ మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పట్టేది 16 పేర్లు. నోటాతో కలిపి 186 కావడంతో ఒక్కో కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. అంత పెద్ద ఏర్పాటులోనూ జనం వరస కట్టి ఓటేశారు.

ఇక లైను సంగతి. పోలింగ్ రోజు మనిషిని విసిగించేది యంత్రం కన్నా లైనే. దీనికి ఒక శాస్త్రం ఉంది. డెన్మార్క్‌లో అగ్నర్ ఎర్లాంగ్ అనే ఆయన కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. ఫోన్ కోసం జనం ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్కగట్టి 1909లో ఒక వ్యాసం రాశాడు. బ్యాంకు కౌంటరు దగ్గర్నుంచి విమానాశ్రయంలో సెక్యూరిటీ తనిఖీ దాకా ఈ రోజు వేసే లైను లెక్కలన్నిటికీ మూలం అదే.

మన బూత్‌కు ఆ లెక్క వేసి చూద్దాం. 1,200 మంది ఓటర్లలో 720 మంది వస్తారనుకో. 2024 మే 13న మన దగ్గర లోక్‌సభ పోలింగ్ జరిగినప్పుడు ఎండల వల్ల ఒక గంట పెంచి, పొద్దున 7 నుంచి సాయంత్రం 6 దాకా పెట్టారు. 11 గంటలంటే 39,600 సెకన్లు. సగటున 55 సెకన్లకు ఒకరు వస్తారు. ఒక్కొక్కరికి 40 సెకన్లు పడితే, ఎర్లాంగ్ బాటలో వచ్చిన సూత్రం ప్రకారం సగటున రెండు నిమిషాల్లోపే నీ వంతు వస్తుంది. అదే 40 కాస్తా 50 సెకన్లయిందనుకో. పెరిగింది పదే సెకన్లు. కానీ ఆగాల్సిన సమయం ఎనిమిది నిమిషాలు దాటుతుంది! పనిచేసే చోట ఖాళీ తగ్గేకొద్దీ లైను మెల్లగా పెరగదు, ఎగబాకుతుంది. పేరు వెతకడం కొంచెం ఆలస్యమైతే చాలు, తోక గేటు దాటేది అందుకే.

ఇంకో లెక్క. యంత్రం 20 నిమిషాలు ఆగిందనుకో. ఆలోగా 22 మంది పోగవుతారు. మళ్లీ మొదలయ్యాక 40 సెకన్లకొకరు లోపలికి పోతున్నా, 55 సెకన్లకొకరు కొత్తగా వస్తూనే ఉంటారు గదా. ఆ 22 మంది బరువు కరగడానికి ఇంచుమించు 53 నిమిషాలు పడుతుంది. ‘బాగుచేశామన్నారు, అయినా లైను తగ్గలేదు, లోపల ఏదో జరుగుతోంది’ అని ఎవరైనా అంటే, ఏమీ జరగడం లేదని నీకిప్పుడు తెలుసు. ఆగిన ఇరవై నిమిషాల బాకీ గంట సేపు తీరుతుంది.

నీ వంతు ఎప్పుడొస్తుందో కూడా నువ్వే చెప్పుకోవచ్చు. అమెరికాలో జాన్ లిటిల్ అనే ఆచార్యుడు 1961లో రుజువు చేసిన సూత్రం ఉంది, చాలా తేలిక. అయిదు నిమిషాల్లో ఎంతమంది లోపలికి పోయారో చూడు. ఆరుగురు పోయారు, నీ ముందు 36 మంది ఉన్నారంటే ఇంకో అరగంట. అంతే లెక్క. తెలిసిన అరగంట కన్నా తెలియని పది నిమిషాలు బరువు. డేవిడ్ మైస్టర్ అనే పరిశోధకుడు 1985లో లైన్లలో నిలబడే మనుషుల మనసు మీద రాస్తూ ఈ మాటే చెప్పాడు: ఎంతసేపో తెలియని నిరీక్షణ, ఎందుకో చెప్పని నిరీక్షణ, అన్యాయం అనిపించే నిరీక్షణ, ఈ మూడూ ఉన్నదానికన్నా పొడుగ్గా అనిపిస్తాయి. నలుగురితో కలిసి ఆగితే తగ్గినట్టుంటుంది. అందుకే ఆలస్యమైనప్పుడు, బూత్‌ను నడిపించే ప్రిసైడింగ్ అధికారిని మర్యాదగా అడుగు: ‘సార్, ఏమైంది, ఎంతసేపు పట్టొచ్చు?’ వచ్చిన జవాబు వెనక ఉన్నవాళ్లకు చెప్పు. ఒక్క నిజం ముక్క చేరితే ఆ లైనులో పుకారుకు చోటుండదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకోటుంది, అది షిఫ్టు డ్యూటీ. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి సాతంరాయి, తొండుపల్లి, రాళ్లగూడ, మామిడిపల్లి ఇళ్లల్లో నిద్రవేళలే మారిపోయాయి. సామాన్లు ఎక్కించేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు, కార్గోలో పనిచేసేవాళ్లు, వీళ్లకు పగలూ రాత్రీ ఒకటే. పోలింగ్ రోజు జీతం కోయకుండా సెలవివ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెబుతుంది. మనిషి లేకపోతే ప్రమాదమో పెద్ద నష్టమో జరిగే పనులకు మాత్రం మినహాయింపు ఉంది. విమానాలు ఆగవు గనుక కొందరికి డ్యూటీ తప్పదు. అట్లాంటివాళ్లు ముందురోజే సూపర్‌వైజర్‌తో మాట్లాడుకుని, షిఫ్టు దిగగానే వచ్చేదో, ఎక్కేముందు వచ్చేదో తేల్చుకోవాలి. జనం పొద్దున, సాయంత్రం ఎగబడతారు గనుక ఆ రెండు వేళల్లో లైను పొడవుంటుందని లెక్కలో పెట్టుకోవాలి.

ఇక కాగితాల తంటాలు. నీ ఓటరు కార్డులో పేరు అక్షరం తప్పుపడితే ఓటు పోదు, మనిషివి నువ్వేనని తేలితే చాలు. కార్డు దొరక్కపోతే ఆధార్, పాస్‌పోర్ట్, డ్రైవింగ్ లైసెన్స్, పాన్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుబుక్కులాంటివి చెల్లుతాయి. కానీ జాబితాలో పేరు లేకపోతే చేతిలో కార్డున్నా ఓటు రాదు. అందుకే పేరు వెతుక్కునే పని పోలింగ్ రోజు పెట్టుకోకు, వారాల ముందే చూసుకో. 1950కి ఫోన్ చేసినా చెప్తారు. ‘నీ ఓటు ఎవరో వేసేశారు’ అంటే ఏడుస్తూ వెనక్కి రాకు. టెండర్ ఓటు అడుగు. నువ్వే నువ్వని తేలాక కాగితం బ్యాలెట్ ఇస్తారు, దాన్ని విడిగా సీలు వేసి దాస్తారు, వివాదం కోర్టుకు పోతే అదే సాక్ష్యం. నువ్వు నువ్వు కాదని ఏజెంట్ ఎవరైనా అభ్యంతరం చెబితే, రెండు రూపాయలు కట్టి చెప్పాలి. అధికారి అక్కడికక్కడే విచారించి తేలుస్తాడు. వేలి మీద ఇంకు లేతగా ఉందనీ గాబరాపడకు. అందులో వెండి నైట్రేట్ ఉంటుంది. చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుగు తగిలినకొద్దీ నల్లబడుతుంది.

ప్రశాంతంగా ఉండమంటే నోరు మూసుకుని ఉండమని కాదు బిడ్డా. ఆటంకం వేరు, అన్యాయం వేరు. యంత్రం ఆగడం, లైను సాగడం, పేరు వెతకడంలో ఆలస్యం ఆటంకాలు, వాటికి ఓపిక మందు. డబ్బు పంచడం, బెదిరించడం, ఎవరికి వేస్తున్నావో తొంగిచూడడం అన్యాయాలు. వాటి దగ్గర ఓపిక పట్టొద్దు. ప్రిసైడింగ్ అధికారికి చెప్పు, బయటికొచ్చి ఎన్నికల సంఘం సీ-విజిల్‌లో ఫిర్యాదు పెట్టు. వీవీప్యాట్ చీటీలో నువ్వు నొక్కినది కాక వేరే గుర్తు వచ్చిందని గట్టిగా అనిపిస్తే దానికీ నియమం ఉంది. రాతపూర్వకంగా ఇస్తే, ఏజెంట్ల ఎదుట పరీక్ష ఓటు వేయిస్తారు. అబద్ధమని తేలితే శిక్ష ఉంటుంది గనుక కళ్లారా చూసిందే చెప్పాలి. ఆటంకాన్నీ అన్యాయాన్నీ కలగాపులగం చేసి, ప్రతి ఆటంకాన్నీ కుట్ర అని అరిస్తే, నిజంగా అన్యాయం జరిగిన రోజు మన అరుపు ఎవరూ నమ్మరు.

సాయంత్రం ఆరు దగ్గరపడింది, ఇంకా లైనులోనే ఉన్నావనుకో. అప్పుడు అందరికన్నా నిబ్బరంగా ఉండాల్సింది నువ్వే. గడువు ముగిసేసరికి లైనులో ఉన్న ప్రతి మనిషికీ ప్రిసైడింగ్ అధికారి సంతకంతో చీటీ ఇస్తారు. చివర నిలబడ్డ మనిషికి ఒకటో నంబరు, అక్కడి నుంచి ముందుకు. తోక నుంచి మొదలుపెడితే ఆ తర్వాత ఎవరూ వెనకొచ్చి చేరలేరు. చీటీ చేతికొచ్చిందంటే ఎంత రాత్రయినా నీతో ఓటు వేయించాల్సిందే. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని కేంద్రాల్లో పోలింగ్ అర్ధరాత్రి దాటి రెండింటి దాకా సాగింది. అంతసేపు నిలబడ్డవాళ్లు, అంతసేపు కూర్చున్న సిబ్బంది ఉన్నారు గనుకే ఆ రాష్ట్రంలో నూటికి 81 మందికి పైగా ఓటేశారు. ముందురోజే వచ్చి ఏ బడి గదిలోనో పడుకుని తెల్లారకముందే లేచిన టీచర్లు, గుమాస్తాలే ఆ సిబ్బంది. వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకో.

ముందురోజు రాత్రి ఓటరు జాబితాలో నీ పార్ట్ నంబరు, వరుస సంఖ్య రాసిపెట్టుకో. గుర్తింపు కార్డు, నీళ్ల సీసా తీసుకో. ఫోను లోపలికి పోనివ్వరు. లైనులో ముసలివాళ్లు, చంటిబిడ్డ తల్లులు, దివ్యాంగులు కనిపిస్తే అధికారికి చెప్పి ముందుకు పంపించు, వాళ్లను ఆపకూడదన్నది నియమం. ఇంత ఓపిక ఎందుకంటావా? మన విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాల్లో ఉంది, అందులో చాలా భాగం చుట్టుపక్కల ఊళ్ల పొలాలే. ఆ ఊళ్లకు తాగునీళ్లు ఎప్పుడొస్తాయి, రోడ్డు ఎప్పుడు పడుతుంది, పిల్లలకు అక్కడ ఏ ఉద్యోగాలు దొరుకుతాయి అని అయిదేళ్ల పాటు నిలదీసి అడగాలంటే, ఆ ఒక్క రోజు అరగంటో గంటో నిలబడాలి. నిలబడు బిడ్డా, పక్కనున్నవాళ్లను కూడా నిలబెట్టు.